చీమకుర్తి నల్లరాతి మీద రెండు వచనాలు: ఒక సమాధి రాళ్ల దుకాణం గురించి

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి వైపు వెళ్తుంటే, ఊరు ఇంకా కొంత దూరం ఉండగానే గ్రానైటు పలకలు ఏటవాలుగా నిలబెట్టిన షెడ్లు రోడ్డుకు రెండు పక్కలా మొదలవుతాయి. వాటి మధ్య ఒక చిన్న రేకుల షెడ్డులో సమాధి రాళ్లు, శంకుస్థాపన ఫలకాలు, ఇళ్ల ముందు పెట్టుకునే పేరు పలకలు చెక్కి ఇస్తారు. నా భార్య సమాధికి 2024 ఫిబ్రవరిలో అక్కడే రాయి చేయించాను. ఆ రాయి రెండు వేసవులనూ రెండు వానకాలాలనూ చూసింది గనుక దాని మంచిచెడ్డలు ఇప్పుడు నిదానంగా రాయవచ్చు. పనిలో ఒక తప్పు దొర్లింది. దాన్ని దాచకుండా చెప్పబోతున్నాను గనుక దుకాణం పేరు మాత్రం రాయడం లేదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకుని, ఏ రాయి వేయించాలి, దాని మీద ఏం రాయించాలి అని తిరుగుతున్నవారికి దుకాణం పేరుకన్నా అక్కడ ఏమేం అడగాలో తెలియడమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్లకు పైగా తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. నా భార్య మా క్రైస్తవ సంఘంలో ఆదివారపు బడి నడిపేది. మూత్రపిండాలు రెండూ చెడిపోయి, రెండేళ్ల పాటు వారానికి 3 రోజులు, ఒక్కో రోజు 4 గంటలు డయాలిసిస్ మంచం మీద గడిపి, 2023 ఆగస్టులో కన్నుమూసింది. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మకు దగ్గరలో ఉన్న మా ఊరి సమాధుల దొడ్డిలో భూస్థాపన చేశాం.

మొదట నేను వెళ్లింది ఈ దుకాణానికి కాదు. పట్టణంలోనే ఒకచోట, నలభయ్యో రోజు ప్రార్థన కూడికకల్లా రాయి నిలబెట్టి ఇస్తామన్నారు. ఆల్బం ముందుకు తోసి, ఒక ఫారం నింపమన్నారు. అందులో ‘పరమపదించిన తేది’ అని అచ్చయి ఉంది. పరమపదం వైష్ణవుల మాట. వారి నోట అది ఎంతో అందమైన మాట. కాని ఆదివారపు బడి పిల్లలకు జీవితమంతా బైబిలు వచనాలు వల్లె వేయించిన మనిషి రాతి మీద అది ఎలా కుదురుతుందని అడిగితే, అందరికీ అదే పెడతామండీ అన్నారు. ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

చీమకుర్తి దారిలోని మేస్త్రి ఫారం ఇవ్వలేదు. ఆయన మొదట అడిగిన రెండు ప్రశ్నలూ నేను ఊహించనివి. “అమ్మగారిని ఎప్పుడు పెట్టారు సార్? అక్కడ నేల ఏ నేల?” నెల కూడా కాలేదనీ, నల్లరేగడి అనీ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, “ఇప్పుడు రాయి నిలబెడితే సంక్రాంతికల్లా ఒరిగిపోతుంది సార్. తుపాన్లు పోనీయండి. మట్టి దిగాక రండి” అన్నారు. అడ్వాన్సు ఇస్తానన్నా తీసుకోలేదు. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయనీ, నల్లరేగడి తడిస్తే ఉబ్బి ఎండితే బీటలు వారుతుందనీ నాకు తెలియనిది కాదు. తెలిసినదాన్ని దుఃఖంలో ఉన్నప్పుడు ఇంకొకరు గుర్తుచేయాలి. చేతికి వచ్చిన బేరాన్ని ఆరు నెలలు వాయిదా వేసుకుని ఆ మాట చెప్పారు గనుక ఈ దుకాణానికి నేనిచ్చే మార్కుల్లో సగం ఇక్కడే పడిపోయాయి.

ఆ డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వానలు తెరిపి ఇచ్చాక వెళ్లి చూస్తే, సమాధి మీది మట్టి జానెడు లోతుకు దిగిపోయి, ఆ గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను గాని ముద్ద దిగలేదు. రాయి ముందే వేయించి ఉంటే అది ఆ నీళ్లలోకి వాలి ఉండేదన్న సంగతి మర్నాటికి గాని తట్టలేదు.

ఇక రాయి విషయం. చీమకుర్తి గెలాక్సీ గురించి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. నల్లని రాతిలో బంగారు రవ్వలు చల్లినట్టు ఉంటుంది. వ్యాపారంలో గ్రానైటు అంటారు గాని, భూగర్భ శాస్త్రం లెక్కన అది గాబ్రో, నోరైటు జాతి రాయి. మెరిసే రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఇక్కడి క్వారీల నుంచి ఓడలెక్కి ఎన్నో దేశాలకు పోయే రాయి, ముప్పై కిలోమీటర్ల దూరంలోని మా దొడ్డిలో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ సిమెంటు దిమ్మెలు, కడప బండలు. నా భార్యకు మెరుపుల మీద మోజు లేదు. అయినా మా అమ్మాయి పట్టుబట్టింది, నేనూ కాదనలేదు.

గెలాక్సీ ఎంచుకునేవారికి మూడు జాగ్రత్తలు చెప్పాలి. దాని మీద లేజరు ఫొటో వేయించకండి. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోను చేసి, “అమ్మ ఫొటో వేయిద్దాం నాన్నా” అంటే, మేస్త్రి లోపలి నుంచి ఎవరో తీసుకెళ్లకుండా వదిలేసిన ఒక పలక తెచ్చి చూపించారు. అందులోని పెద్దాయన బుగ్గ మీద, కనుబొమ మీద రవ్వలు మశూచి మచ్చల్లా మెరుస్తున్నాయి. ఫొటో కావాలంటే రవ్వ లేని నల్లరాయి తీసుకోవాలి. రెండవది, అర అంగుళం కన్నా చిన్న అక్షరాలు ఈ రాతి మీద చదవడం కష్టం. రవ్వలు అక్షరాల మధ్య దూరి కళ్లను తికమక పెడతాయి. మా రాతి మీద అధ్యాయం, వచనం అంకెలు అలాగే పోయాయి, దగ్గరకు వంగితే గాని కనబడవు. మూడవది వేసవి. మే నెలలో మధ్యాహ్నం ఆ రాతి మీద చేయి పెట్టలేం. పొద్దున్నే వెళ్లండి.

చెక్కుడు కూలి అక్షరానికి 20 రూపాయలన్నారు. తెలుగు అక్షరాన్ని ఎలా లెక్కపెడతారన్నది నాకు వృత్తిరీత్యా వచ్చే సందేహం. వత్తుకు విడిగా తీసుకుంటారా, దీర్ఘానికి విడిగానా? మేస్త్రి నవ్వి, “తల ఎన్ని, అన్ని సార్. కింద వత్తు, పక్కన కొమ్ము మా ఖర్చు” అన్నారు. ఇంతకన్నా న్యాయమైన తెలుగు లెక్క నేను ఎక్కడా వినలేదు. కాని ఈ లెక్క వల్ల ఇంకొక మేలు జరిగింది. ప్రతి అక్షరానికీ వెల కట్టి ఉన్నప్పుడు ఏ మాట ఉండాలి, ఏది అక్కరలేదు అని మనిషి ఆలోచిస్తాడు. ఎన్నో కూడికల్లో వినీ వినీ అరిగిపోయిన వచనాలను నేను మొదటిసారి మాట మాటగా చదివింది అప్పుడే.

ఆ దుకాణంలో వచనాలు రాసిపెట్టిన ఒక నోటు పుస్తకం ఉంది. ఎక్కువమంది కోరేవి నాలుగైదు. ‘మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని’ అన్నది అన్నిటికన్నా ముందుంటుంది. తరువాత ‘చావైతే లాభము’, ‘యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువగలది’, ‘ప్రభువునందు మృతినొందు మృతులు ధన్యులు’. మా బావమరిదికి మొదటిదే కావాలి. 32 అక్షరాలు, 640 రూపాయలు. డబ్బు మాట కాదు. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు ఆ మాట తన గురించి తాను, బతికుండగా, చెరసాల నుంచి రాశాడు. నా భార్య తన గురించి అలా చెప్పుకునే మనిషి కాదు. డయాలిసిస్ నుంచి వచ్చిన రాత్రుల్లో కాళ్ల పిక్కలు పట్టేసి, ఒళ్లంతా దురద పుట్టి, తెల్లవార్లూ మంచం మీద కూర్చుని ఉండేది. “ఇది పోరాటం కాదండీ, ఓపిక పట్టడం” అని ఒకసారి అన్నది. ఆ మాట విన్నవాణ్ని, ఆమె నోట లేని మాటను ఆమె రాతి మీద ఎలా పెట్టను? ‘చావైతే లాభము’ అన్నదాన్ని కూడా దాటేశాను. చనిపోయినవారికి అది నిజమేనని నేను నమ్ముతాను. ఇంట్లో మిగిలినవాడు రోజూ చదువుకోవలసిన మాట మాత్రం అది కాదు.

‘ప్రభువునందు నిద్రించినది’ అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. మనం ఆ మాటను మర్యాదకు వాడతాం, చావు అన్న పలుకును తప్పించడానికి వాడతాం. చనిపోయిన లాజరు గురించి యేసు ‘మన స్నేహితుడైన లాజరు నిద్రించుచున్నాడు’ అన్నప్పుడు శిష్యులు కూడా పొరపడ్డారు, నిద్రపోతే బాగుపడతాడులే అనుకున్నారు. గ్రీకు క్రైస్తవులు సమాధుల స్థలానికి పెట్టిన పేరుకు అర్థమే పడక గది వంటిది. ఇంగ్లీషు వారి సెమెటరీ ఆ మాట నుంచే వచ్చింది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. కాని రెండేళ్లు కంటి నిండా నిద్ర లేని మనిషిని పక్కనే ఉండి చూసినవాడికి ‘నిద్రించినది’ అన్న మాట అలంకారంగా తోచదు. దానికి 5 అక్షరాలు పట్టినా 50 పట్టినా చెక్కించి ఉండేవాణ్ని.

వచనం తేలలేదు. ఆ రోజుల్లో నన్ను ఓదార్చడానికి వచ్చినవారి గురించి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే రాతి మీదికి ఏ వచనం ఎక్కిందన్నది వారి మాటల వల్లనే తేలింది. ఆదరణ కూడికలో నేను ఏడిస్తే, ఒక పెద్ద మనిషి నా భుజం తట్టి, “మాస్టారూ, మీరే ఇలా అయితే సాక్ష్యం ఏముంటుంది? నిరీక్షణ లేనివాళ్లలాగా ఏడవకూడదు” అన్నారు. ప్రేమతోనే అన్నారు. కాని ఇంటికి వెళ్లి బైబిలులో పౌలు థెస్సలొనీకయులకు రాసిన పత్రిక తీసి చూశాను. ‘నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అని ఉంది. తెలుగు పంతులుగా ఆ వాక్యాన్ని విడదీసి చూస్తే, వద్దన్నది దుఃఖాన్ని కాదు, ‘ఇతరులవలె’ అన్నదాన్ని. దుఃఖం ఉంటుంది, దాని తీరు వేరుగా ఉంటుంది. పైగా ఆ ‘నిరీక్షణ’ అన్న మాట చూడండి. లోకంలో నిరీక్షించడమంటే దారి చూస్తూ కూర్చోవడం. మన బైబిలు తెలుగులో ఆశకు అదే పేరు పెట్టారు. మట్టి దిగేదాకా ఆగమని మేస్త్రి చెప్పిన ఆరు నెలల్లో నేను చేసిన పని అదొక్కటే.

ఆ నెలల్లోనే బైబిలులోని యోబు గ్రంథం మళ్లీ చదివాను. పదిమంది పిల్లలను ఒక్కరోజే పోగొట్టుకున్న ఆ మనిషి తన మాటలను ఇనుప పోగరతో బండ మీద చెక్కి, సీసం నింపి, ఎప్పటికీ నిలిచేలా చేయాలని కోరతాడు. ఆ వెంటనే అనే మాట ‘నా విమోచకుడు సజీవుడు’. బూడిదలో కూర్చున్నవాడికి రాతి చెక్కుడు పని గుర్తుకు రావడం నాకు వింతగా అనిపించలేదు. ఈ సంగతి మేస్త్రికి చెబితే ఆయన పట్టుకున్నది వేరే ముక్క. “సీసం పోస్తే ఊడదు సార్. ఇప్పుడెవరు పోస్తారు? అందరూ బంగారు పెయింటే అడుగుతారు, రెండేళ్లకు పొట్టు లేస్తుంది” అన్నారు. ఆ మాటతోనే నేను పెయింటు వద్దన్నాను.

చివరికి నేను కోరింది యోహాను సువార్త 11వ అధ్యాయం నుంచి రెండు ముక్కలు. పైన ‘పునరుత్థానమును జీవమును నేనే’, 13 అక్షరాలు. కింద ‘యేసు కన్నీళ్లు విడిచెను’, 9 అక్షరాలు. మొదటిదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండవదానికి మా బావమరిది, “రాతి మీద కన్నీళ్లేంటి బావా? చూసినవాళ్లు మనకు విశ్వాసం లేదనుకుంటారు” అన్నాడు. చాలా ఏళ్లుగా సమాధి రాళ్లు చెక్కుతున్న మేస్త్రి కూడా ఇది ఎవరూ అడగలేదన్నారు. నేను మా బావమరిదికి అధ్యాయం చదివి వినిపించాను. పునరుత్థానం మాట 25వ వచనంలో ఉంది, కన్నీళ్లు 35లో. అంటే లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసినవాడే, ఆ మాట లాజరు తోబుట్టువు మార్తకు చెప్పిన తరువాతే, సమాధి దగ్గరకు వెళ్తూ ఏడ్చాడు. తెలియక ఏడవలేదు. ఆ మార్త కూడా ఆయన ఎదురురాగానే స్తుతి పాట పాడలేదు; నీవిక్కడ ఉంటే నా సహోదరుడు చచ్చేవాడు కాదని నిష్ఠూరమాడింది. ఆ నిష్ఠూరానికి ఆయన కోప్పడలేదు. పునరుత్థానం మాట పుట్టిందే ఆ నిష్ఠూరానికి జవాబుగా. నా భార్య పోయిన రాత్రి ఆసుపత్రి వరండాలో నేను దేవుణ్ని అన్న మాటలు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మార్త మాటలకు అవి దూరం కావు. ఆ అధ్యాయంలో నాకు కూడా చోటు ఉందని తెలిసిన రోజున, ఆగస్టు తరువాత మొదటిసారి, రాత్రి పడుకుంటే తెల్లవారి లేచాను. మా బావమరిది ఇక మాట్లాడలేదు. ఒప్పుకున్నాడో, ఊరుకున్నాడో తెలియదు.

ఈ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. చెక్కే ముందు, అసలు కొలతలో కాగితం మీద తీసిన ప్రూఫును గోడకు అంటించి, పని ఇచ్చినవారి చేత పైకి చదివిస్తారు. మేస్త్రి పక్కన నిలబడి వేలితో వెంట వస్తారు. నేను ఆమె పేరు చదివాను, పుట్టిన తేదీ చదివాను. ‘నిద్రించినది’ దగ్గర గొంతు పూడుకుపోయింది. వెనక కంప్రెసరు మోత మోగుతోంది. మేస్త్రి తిరిగి చూడకుండానే, “ఒరే, మిషన్ ఆపు” అన్నారు. మోత ఆగింది. పని కుర్రాడు రాతి పొడి అంటుకున్న సీసాతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు యోబు పక్కన మాట్లాడకుండా కూర్చున్న స్నేహితులు, నోరు తెరిచాక గాని చెడ్డవారు కాలేదు. ఈ మేస్త్రి మా విశ్వాసానికి చెందినవారు కారు. అయినా ఆ పది నిమిషాల్లో ఆయన చేసినంత ఆదరణ నాకు చాలా కూడికల్లో దొరకలేదు. తరువాత మిగతా వచనాలు పూర్తిగా చదివి, ప్రూఫు కింద సంతకం చేశాను.

తప్పు దొర్లింది ఇక్కడే. పలక మీద రబ్బరు స్టిక్కరు అంటించి, మిషనుతో అక్షరాలు కోసి, వాటిని సూదితో ఒలిచి, ఆ ఖాళీల్లోకి గాలి వేగంతో ఇసుక కొట్టిస్తారు. ఒకసారి పడిందంటే పడిందే. బండి ఎక్కించే ముందు చూసుకోవడానికి వెళ్తే ‘పునరుత్థానము’లో థ వత్తు ఉండవలసిన చోట ధ వత్తు ఉంది. పత్రికల్లోనూ పెళ్లి శుభలేఖల్లోనూ రోజూ కనిపించే తప్పే ఇది. బోర్డు మీద వెయ్యిసార్లు దిద్దిన తప్పు నా భార్య రాతి మీదే కనబడింది. థకూ ధకూ మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. నేను చూపిస్తే మేస్త్రి వంగి చూసి, “చుక్క ఉంది గదా సార్” అన్నారు. నేనూ వంగి చూశాను. నిజంగానే అక్కడ ఏదో మెరుస్తోంది. వేలితో తుడిస్తే తెలిసింది, అది రాతిలోని బంగారు రవ్వ. ఇద్దరం నవ్వాం. ఆ ఆరు నెలల్లో నేను పైకి నవ్వడం అదే మొదలు.

ఇది పూర్తిగా వారి తప్పు అనలేను. టైపు చేసినవాడు పొరపడ్డాడు, ప్రూఫు చదివినవాణ్ని నేను. పైకి చదివేటప్పుడు థ, ధల తేడా చెవికి అంతగా అందదు; అందులోనూ పూడుకుపోయిన గొంతుతో చదివాను. కాబట్టి పైకి చదివించే పద్ధతి మంచిదే గాని అదొక్కటే చాలదు. ఆ ఇంటి దుఃఖంతో సంబంధం లేని మనిషి చేత ఒకసారి అక్షరం అక్షరంగా, నిశ్శబ్దంగా చూపించుకోండి. నా అదృష్టం, లేనిదాన్ని చేర్చవలసి వచ్చింది. ఉన్న చుక్కను తీసేయవలసి వస్తే పలకంతా అరగదీసి మళ్లీ పాలిషు పట్టాలట. మేస్త్రి లోపలి నుంచి తన తండ్రి నాటి సన్న ఉలి తెచ్చి, కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, చిన్న సుత్తితో పది నిమిషాల్లో ఆ చుక్క పెట్టారు. రాతి మొత్తం మీద చేత్తో చెక్కింది ఆ చుక్క ఒక్కటే. మిగతా అక్షరాల కన్నా కొంచెం లోతుగా ఉంటుంది.

నిలబెట్టే రోజున మేస్త్రి, ఇద్దరు మనుషులు వచ్చారు. సిమెంటు దిమ్మె పోసి, లోపల ఇనుప చువ్వలు దించి, రాయిని తూర్పు ముఖంగా నిలబెట్టారు. పని అయ్యాక మేస్త్రి దొడ్డంతా కలియజూసి, “ఇన్ని దిబ్బలకు రాళ్లు లేవేం సార్?” అని అడిగారు. మా వైపు పాత దొడ్లన్నీ అంతే. నా భార్య పుట్టింటి వారు తమ పూర్వీకుల గురించి చెప్పుకునే కథ ధాత కరువుతో మొదలవుతుంది. 1876 నుంచి 1878 దాకా పట్టిన ఆ కరువులో ఊళ్లకు ఊళ్లు మట్టి పాలయ్యాయి. ఒంగోలు మిషనులోని క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర పని గుత్తకు తీసుకుని జనానికి కూలి చూపించారు. ఆ కరువు వెనువెంటనే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మేము పండుగలా చెప్పుకుంటాం. నా భార్య మాత్రం ఆదివారపు బడిలో ఆ కథ చెప్పేటప్పుడు, నదిలోకి దిగిన ప్రతివారూ అంతకుముందు ఏడాది ఎవరో ఒకరిని పూడ్చి వచ్చినవారేనని పిల్లలకు గుర్తుచేసేది. వారి చేతుల్లో రాయికి డబ్బు లేదు, చెక్కించుకోవడానికి అక్షరం రాదు. మేస్త్రికి ఈ కథ చెప్పాను. ఆయన ఉలి సంచీలో పెట్టుకుంటూ విన్నారు.

లెక్కలు చెబుతాను. 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు రాయికి 6,500 రూపాయలు, 140 అక్షరాలకు 2,800, రవాణా, దిమ్మె, నిలబెట్టే కూలి కలిపి 5,000, మొత్తం 14,300. పట్టణంలో నాకు చెప్పిన ధర కన్నా తక్కువే. చుక్కకు ఏమీ తీసుకోలేదు, తీసుకుని ఉంటే పోట్లాడేవాణ్ని. మూడు వారాలన్న పని ఐదు వారాలు పట్టింది. మధ్యలో ఫోను చేస్తే ఎత్తేవారు కారు, ఎత్తితే రేపన్నారు. షెడ్డులో కూర్చోవడానికి బల్ల లేదు, రాతి పొడి బట్టలకు పట్టి రెండు ఉతుకులకు గాని పోదు, ఆస్తమా ఉన్నవారు లోపలికి వెళ్లకపోవడమే మంచిది. దుఃఖంలో ఉన్న ముసలివారు వచ్చే చోట ఒక కుర్చీ, కాస్త నీడ ఏర్పాటు చేయమని చెప్పి వచ్చాను. ఈ మధ్య అటు వెళ్లినప్పుడు చూస్తే ప్లాస్టిక్ కుర్చీలు రెండు కనబడ్డాయి.

రెండేళ్ల తరువాత రాయి నిటారుగానే ఉంది. పెయింటు లేని అక్షరాలు బూడిద రంగులో, ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి. వాన పడినప్పుడు మాత్రం రాయంతా ఒకే నలుపుకు తిరిగి, ఆరేదాకా ఒక్క మాటా చదవలేం. ఇది తెలియక మొదటి వానకు అక్షరాలు చెరిగిపోయాయని కంగారు పడ్డాను. కడగడానికి మంచినీళ్లు, మెత్తని గుడ్డ చాలు. యాసిడ్ దగ్గరికి రానీయకండి. ఈస్టరు తెల్లవారుజామున పక్క సమాధులవారు వెలిగించిన కొవ్వొత్తుల మైనం దిమ్మె మీదికి కారితే, వేడినీళ్లు పోసి కార్డు ముక్కతో గీకాను, మచ్చ పడలేదు. మా బావమరిది అప్పుడప్పుడు ఒంటరిగా వెళ్లి వస్తున్నాడని, కింది వచనం దగ్గర మట్టి తుడిచి ఉంటోందని కాపలా ముసలాయన చెప్పాడు.

ఒక సంగతి రాయడం మరిచాను. కొలతలు తీసుకునేటప్పుడు మేస్త్రి టేపు చుట్టుకుంటూ, నా ముఖం చూడకుండా, “పక్కన జాగా వదలమంటారా సార్?” అని అడిగారు. వదలమన్నాను. అందుకే వెడల్పు 3 అడుగులైంది. ఆ ఖాళీలో చెక్కవలసిన అక్షరాలకు అప్పటి రేటు వర్తిస్తుందని బిల్లు వెనక రాసి ఇచ్చారు. ఆ బిల్లును నా భార్య బైబిలులో యోహాను సువార్త 11వ అధ్యాయం దగ్గర పెట్టాను. నా పేరులో కూడా ఒక వత్తు ఉంది. అది ఏ వత్తో బిల్లు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసి ఉంచాను.